సర్వీసు చేయించాక ట్రాక్టర్ గుంజడం లేదా?
అపోహలు – వాస్తవాలు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. ఎర్రనేలలో పదును కొద్ది రోజులే నిలుస్తుంది. వేరుశనగ విత్తే ఆ అదనులో ట్రాక్టర్ ఆగితే పంటే వెనకబడుతుంది. అందుకే చాలామంది రైతులు ముంగారుకు ముందే ఫిల్టర్లు, పైపులు, నాజిళ్లు మార్పిస్తారు. తీరా ఆ పని అయ్యాకే బండి స్టార్ట్ కాదు, లేదా గొర్రు దించగానే ఆగిపోతుంది. అప్పుడు తలా ఒక మాట చెబుతారు. వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఫిల్టర్ మార్చాక స్టార్ట్ కాలేదంటే డీజిల్ పంపు పోయినట్టే.

వాస్తవం: ముందు అనుమానించాల్సింది గాలిని. ఫిల్టర్ విప్పినప్పుడు లైన్లోకి గాలి చేరుతుంది. పంపు కొట్టే ఒత్తిడి ఆ గాలిని కుదించడానికే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. మెకానిక్కులు ఎయిర్ లాక్ అనేది దీన్నే. ట్యాంకు కాక్ తెరిచి, ఫిల్టర్ పైనున్న బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొట్టండి. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగ లేకుండా డీజిల్ ధార కట్టాక స్క్రూ బిగించండి. తర్వాత డీజిల్ పంపు మీది స్క్రూ దగ్గర కూడా ఇలాగే గాలి తీయాలి.

కామన్ రైల్ ఇంజిన్ అయితే మాత్రం జాగ్రత్త. 2023 జనవరిలో 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక ఈ ఇంజిన్లు పెరిగాయి. వాటి హై ప్రెషర్ పైపుల నట్లు వదులు చేయకండి. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. మాన్యువల్‌లో చెప్పినట్టే చేయాలి.

అపోహ: ఎక్కడా డీజిల్ కారడం లేదు కాబట్టి గాలి పట్టే సందే లేదు.

వాస్తవం: ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది. అక్కడ సన్నని చీలిక ఉంటే డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోతుంది. పాత రాగి వాషర్‌నే మళ్లీ వేయడం, క్లిప్పు సరిగా బిగించకపోవడం దీనికి మామూలు కారణాలు. అనుమానం ఉంటే ఆ చోట తాత్కాలికంగా డీజిల్‌కు తట్టుకునే పారదర్శక పైపు వేసి చూడండి. బుడగలు వస్తుంటే గాలి అంతకు ముందే ఎక్కడో చొరబడుతోందన్నమాట.

అపోహ: ట్యాంకు నిండా ఉంది, ఇంధనం అందకపోవడమేమిటి?

వాస్తవం: డీజిల్ దిగిన కొద్దీ ఆ చోటుకు గాలి రావాలి. మూతలోని సన్నరంధ్రం దుమ్ముతో పూడితే ట్యాంకులో వెలితి ఏర్పడి డీజిల్ కదలదు. బండి కొంతసేపు బాగా నడిచి ఆగుతుంది, కాసేపు నిలిపితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఆగిన వెంటనే మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయిందా? అయితే లోపం మూతలోనే.

అపోహ: ఈ కరువు సీమలో డీజిల్లో నీళ్లెక్కడివి?

వాస్తవం: సగం ఖాళీ ట్యాంకు రాత్రి చల్లబడితే లోపలి గాలిలోని తేమ గోడలకు నీటిబొట్లుగా పడుతుంది. ఆరుబయట పెట్టిన డ్రమ్ములోకి వాననీరు దిగుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపండి. ఉదయం స్టార్ట్ చేసే ముందు, డీజిల్ నుంచి నీటిని వేరుచేసే సెపరేటర్ అడుగు స్క్రూ తిప్పి నీరు వదలండి.

అపోహ: నల్లపొగ వచ్చి లాగకపోతే పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచాలి.

వాస్తవం: నల్లపొగ అంటే ఉన్న గాలికి డీజిల్ ఎక్కువైందని అర్థం. ఇంకా పెంచితే ఇంజిన్ వేడెక్కుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. మన మెట్టచేలల్లో అది త్వరగా పూడుతుంది. పంపు విప్పి బిగించాక తెల్లపొగ, తేడా శబ్దం వస్తే టైమింగ్ తప్పి ఉండొచ్చు. అది వర్క్‌షాపులోనే సరిచేయించాలి.

అపోహ: కాస్త కిరోసిన్ కలిపితే నాజిళ్లు శుభ్రపడతాయి.

వాస్తవం: చాలా ఇంజిన్లలో డీజిల్ పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. కిరోసిన్ పలుచన, ఆ జారుడు తగ్గి ప్లంజర్లు అరుగుతాయి. నాజిళ్లు శుభ్రపడతాయో లేదో కానీ, పంపు మార్చాల్సిన ఖర్చు మీద పడొచ్చు.

ఇంధన వ్యవస్థలో చేయి పెట్టిన తర్వాత తేడా వచ్చిందంటే, చేయి పెట్టిన చోటే మొదట వెతకాలి. మూత, ట్యాంకు, పైపు, ఫిల్టర్, ఫీడ్ పంపు: ఈ వరస చూశాకే డీజిల్ పంపు, నాజిళ్ల మాట ఎత్తాలి. ట్రాక్టర్ నిర్వహణలో శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన గార్లదిన్నెలోనే ఉంది. రైతులారా, మీ ఇంట్లో బండి నడిపే పిల్లలను అక్కడికి పంపండి. పంపు విప్పమనే ముందు గాలి తీశారా అని మెకానిక్‌ను తప్పక అడగండి.