పందికి పన్నెండంకెల నంబరు

పంది జాడ తెలియాలంటే మూడు ఉండాలి. ఒంటి మీద చెరగని గుర్తు, ఆ గుర్తు ఏ దొడ్డిదో చెప్పే రిజిస్టరు, ఆ దొడ్డి నుంచి ఎప్పుడు ఎక్కడికి పోయిందో చెప్పే చీటీ. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగే. మన దేశంలో మొదటిదాని గురించి మాట్లాడినంతగా చివరిదాని గురించి మాట్లాడరు.

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ లాంటి చోట ఆ చివరిదే ముఖ్యం. 1956కు ముందు ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల గీతలు మారినా బంధుత్వాలు, సంతలు, బేరాలు ఆ గీతలను పట్టించుకోలేదు. పక్కనే కర్ణాటక, కాస్త పైకి పోతే మహారాష్ట్ర. సంగారెడ్డి నుంచి నాందేడ్, అకోలా వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి కూడా దగ్గర్లోదే. సాయంత్రం బండి ఎక్కించిన పంది తెల్లారేసరికి ఇంకో రాష్ట్రంలో దిగుతుంది. అక్కడ డాక్టరు వేరు, శాఖ వేరు, రాసుకునే పుస్తకం వేరు.

ఈ జాడ ఎందుకో 2020లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మొదట్లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో పందులు గుంపులు గుంపులుగా చనిపోయాయి. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల ఆ రోగాన్ని ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌గా తేల్చింది. అంతకుముందు ఈ దేశంలో అది లేదు. 2022 జూలైకల్లా కేరళలోని వయనాడ్‌లో కనిపించింది. మనుషులకు అంటదు గానీ పందికి సోకితే బతకడం అరుదు. మన దేశంలో దీనికి రైతు చేతికి టీకా రాలేదు. జబ్బు పంది, దాని మాంసం, హోటళ్ల ఎంగిలి మేత, బండి చక్రాలు, మనిషి చెప్పులు అన్నీ వైరస్‌ను మోస్తాయి. రోగం బయటపడిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు లోపలి పందులన్నిటినీ చంపి పూడ్చాలని, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెట్టాలని కేంద్రం కార్యాచరణ ప్రణాళిక చెబుతుంది. గీత గీయడం తేలికే. కానీ పోయిన రెండు వారాల్లో ఆ గీత లోపలి నుంచి ఎన్ని పందులు బయటికి అమ్ముడుపోయాయో చెప్పగలిగేది రికార్డు ఒక్కటే. చంపిన పందులకు పరిహారం లెక్క కట్టాలన్నా ఏవి ఎవరివో తెలియాలి.

ఒంటి మీది గుర్తుల్లో పాతది, చవకైనది చెవి కత్తిరింపు. పిల్ల పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే చెవి అంచున చిన్న గాట్లు వేస్తారు. గాటు పడిన చోటును బట్టి విలువ 1, 3, 9, 27 ఇలా మారుతుంది. కుడి చెవి ఏ ఈతదో చెబుతుంది, ఎడమ చెవి ఆ ఈతలో ఎన్నో పిల్లో చెబుతుంది. కుడి చెవికి 9, 3, 1 స్థానాల్లో ఒక్కో గాటు ఉంటే అది 13వ ఈత. ఎడమ చెవికి 3 దగ్గర ఒకటి, 1 దగ్గర రెండు ఉంటే ఐదో పిల్ల. చదువు లేని కాపరి కూడా నాలుగు రోజుల్లో నేర్చుకునే లెక్క ఇది. ఈ గాటు ప్లాస్టిక్ బిళ్లలా ఊడిపోదు. పైగా ఏ తల్లి పిల్ల ఎంత బరువు పెరిగిందో లెక్క లేకుండా జాతి మెరుగుపడదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నాటు రక్తం పావు వంతు, లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తం ముప్పావు వంతుగా రూపొందించిన టీ-17 సంకరం వెనక కూడా తరాల లెక్కలే ఉన్నాయి.

ప్రభుత్వం వేసేది చెవి ట్యాగ్. దాని మీద 12 అంకెల నంబరు, బార్‌కోడ్ ఉంటాయి. పశు ఆధార్ అని పేరు. ఈ వివరాలు మొదట జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ తయారుచేసిన ఇనాఫ్ అనే డేటాబేస్‌లోకి ఎక్కేవి, తర్వాత భారత్ పశుధన్ వచ్చింది. 2019 సెప్టెంబర్‌లో మథురలో మొదలైన 13,343 కోట్ల రూపాయల జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం ఆవులు, బర్రెలు, గొర్రెలు, మేకలతో పాటు పందులనూ లెక్కలోకి తీసుకుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నిరోధక చట్టం ప్రకారం టీకా వేసిన పశువుకు వాత, పచ్చబొట్టు, చెవి ట్యాగ్ వంటి గుర్తు వేయించవచ్చు. వేసిన గుర్తును ఇష్టం వచ్చినట్టు తీసేయకూడదు. అనుమానం ఉన్న జబ్బు గురించి గ్రామాధికారికో పంచాయతీకో చెప్పడం యజమాని బాధ్యత. రోగం ఉన్న ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తే అక్కడి నుంచి పశువును కదిలించే హక్కు యజమానికి ఉండదు.

చిక్కు ఏమిటంటే ఈ ఏర్పాటంతా బర్రెను చూసి కుట్టిన చొక్కా. బర్రె ఒకే ఇంట్లో పదేళ్లుంటుంది, ఏడాదికో ఈత ఈనితే గొప్ప. పంది చూలు 114 రోజులే. ఏడాదికి రెండు ఈతలు, ఈతకు ఎనిమిది పది పిల్లలు, ఎనిమిది పది నెలలకే అమ్మకం. కొట్లాటలో, కంచెకు రాసుకోవడంలో చెవి చినిగి ట్యాగ్ పోతుంది. ప్రతి పిల్లకూ 12 అంకెలు ఎక్కించే సరికి సగం పిల్లలు సంతకు చేరిపోతాయి.

పందుల పెంపకం బాగా సాగే దేశాలు అందుకే దారి మార్చుకున్నాయి. ఇంగ్లండ్‌లో ముందు స్థలం నమోదవుతుంది, తర్వాత మందకు ఒకటి రెండు అక్షరాలు, నాలుగు అంకెలు కలిసిన గుర్తు వస్తుంది. కబేళాకు పోయే పంది భుజాల మీద ఆ మంద గుర్తును పచ్చబొట్టుగా కొడతారు. కొత్త పంది దొడ్డిలోకి వచ్చిందా, 20 రోజులు అక్కడి పందులు బయటికి పోకూడదు. కెనడాలో 2014 జూలై 1 నుంచి పందులు చేతులు మారితే ఏడు రోజుల్లో తెలపడం తప్పనిసరి. రెండు చోట్లా నమోదు మందది, కదలికది.

నారాయణఖేడ్‌కు పనికొచ్చేదీ ఈ పద్ధతే. ఇక్కడ పెంపకం రెండు రకాలు. షెడ్డు కట్టి సీమ పందులు పెంచేవారికి రిజిస్టరు ఎలాగూ కావాలి. జాతీయ పశుసంపద మిషన్ కింద 100 ఆడ, 10 మగ పందుల యూనిట్‌కు 30 లక్షల రూపాయల వరకు సబ్సిడీ ఉంది. బీమా చేయించాలంటే ట్యాగ్ తప్పదు, చనిపోయినప్పుడు క్లెయిమ్‌కు ఆ నంబరే ఆధారం. 2024లో కేంద్ర మంత్రివర్గం బీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. రెండో రకం ఎరుకల కుటుంబాల వంటివారు తరాలుగా పెంచుకొస్తున్న నాటు పందులు. ఊరి అంచుల్లో తిరిగి వచ్చే ఈ పందులను మెదడువాపు భయంతో, మురికి పేరుతో పట్టణాల నుంచి తోలేయడమే తప్ప వాటి యజమానిని నమోదు చేసుకుందామని అధికారులకు తట్టడం తక్కువ. తోలేసిన మంద ఎక్కడ తేలిందో ఎవరూ రాసుకోరు. రోగం పాకేది ఆ రాయని దారుల్లోనే. నాటు పందులు పెంచేవారికి మంద మొత్తానికి ఒక నంబరు, తల్లి పందులకు మాత్రమే ట్యాగులు, పిల్లలకు చెవి గాట్లు సరిపోతాయి.

యాప్ లేకపోయినా ఒక నోటు పుస్తకం ఉంటే మొదలుపెట్టవచ్చు. కొన్న తేదీ, అమ్మినవారి ఊరు, అమ్మిన తేదీ, కొన్నవారి ఊరు, బండి నంబరు, ఇతర రోగాలకు టీకా వేసిన రోజు, చనిపోయినవి ఎన్ని. కొత్తగా కొన్న పందిని మూడు వారాలు మందలో కలపకుండా వేరే కొట్టంలో ఉంచాలి. ఒకేసారి రెండు మూడు పందులకు తీవ్ర జ్వరం వచ్చి చెవులు, పొట్ట ఎర్రబారితే మిగతావాటిని అమ్ముకునే తొందర పడవద్దు, చచ్చినదాన్ని వాగులో వేయవద్దు. పశువైద్యశాలకు చెప్పండి, అది దూరమైతే 1962కు ఫోన్ చేయండి.