చిన్న విమానంలో 20 కిలోల బ్యాగ్ ఎక్కడ పెట్టాలి?

ఎడ్లబండికి లోడ్ ఎత్తడం చూసినవాళ్లకి ఈ ఎపిసోడ్ సగం తెలిసినట్టే. బస్తాలన్నీ వెనకే వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందే వేస్తే భారమంతా ఎద్దుల మెడ మీద పడుతుంది. బస్తాలు అవే, చోటు మారిందంతే.

బండికి ఇరుసు ఎలాగో విమానానికి రెక్కలు అలాగ. మొత్తం బరువు ఒకే చోట ఉందనుకుంటే ఆ పాయింటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ, మన స్కూల్ పుస్తకాల్లో గరిమనాభి. ఇది మామూలుగా రెక్కల లిఫ్ట్ పనిచేసే చోటుకి కాస్త ముందుంటుంది. అందుకే ముక్కు కిందికి వాలాలని చూస్తుంది, తోక కిందికి నొక్కి దాన్ని ఆపుతుంది. అవునండి, కిందికే!

ముందు బరువు పెరిగితే తోక ఇంకా గట్టిగా నొక్కాలి. ఆ నొక్కుడు కూడా రెక్కలే మోయాలి. స్పీడ్ తగ్గుతుంది, ఇంకాస్త ఎక్కువ వేగంలోనే స్టాల్ అవుతుంది, ల్యాండింగ్‌లో ముక్కు లేపడం కష్టం.

మరి వెనక బరువైతే? ఇక్కడే అసలు చిక్కు. తోకకి పని తగ్గి విమానం కాస్త స్పీడ్‌గా పోతుంది, స్టాల్ వేగమూ తగ్గుతుంది. హాయిగానే ఉంటుంది. కానీ ముక్కు ఒకసారి లేస్తే తనంతట తాను దిగదు. లిమిట్ దాటితే పైలట్ కంట్రోల్ ఎంత తోసినా దిగకపోవచ్చు.

ఆ లిమిట్ ఎంతో చూద్దాం. సెస్నా 172ఎస్ గరిష్ఠ బరువు 1157 కిలోలు. ఆ బరువులో గరిమనాభి 41 నుంచి 47.3 అంగుళాల మధ్యే ఉండాలి, అంటే జానెడు కూడా లేదు. ముందు సీటు 37 అంగుళాల దగ్గర, లగేజీ 95 దగ్గర. 20 కిలోల బ్యాగ్‌ని సీట్లోంచి లగేజీలోకి మారిస్తే 20 × 58 = 1160. దాన్ని 1157తో భాగిస్తే దాదాపు ఒక అంగుళం. ఉన్న ఆరు చిల్లరలో ఒకటి పోయింది! కోడ్ రాసేవాళ్లకి ఇది రెండు లైన్ల ఫంక్షన్.

2001 ఆగస్టు 25న బహామాస్‌లోని మార్ష్ హార్బర్‌లో సింగర్ ఆలియా ఎక్కిన సెస్నా 402బి టేకాఫ్ అవ్వగానే కూలిపోయింది. వీడియో షూటింగ్ ముగించుకుని వెళ్తున్నారు. పైలట్‌తో కలిపి తొమ్మిది మందీ చనిపోయారు. ఆమెకి 22 ఏళ్లే. బరువు పరిమితి దాటిందనీ, గరిమనాభి వెనక లిమిట్ దాటి ఉందనీ దర్యాప్తులో తేలింది. పైలట్ విషయంలోనూ లోపాలు బయటపడ్డాయి, అది వేరే కథ. నాకు మాత్రం ఆ లగేజీ లెక్క పట్టుమని పది నిమిషాల పని కదా అనిపిస్తుంది.

ఇంకొకటి, ఇంధనం. బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో ట్యాంకులు ముందువైపు ఉంటాయి. ఎగిరేకొద్దీ అవి ఖాళీ అయ్యి గరిమనాభి వెనక్కి జరుగుతుంది. టేకాఫ్‌లో లిమిట్ లోపల ఉన్న విమానం ల్యాండింగ్‌కి బయటికి పోవచ్చు. అందుకే లెక్క రెండుసార్లు వేస్తారు: నిండు ట్యాంకుతో ఒకసారి, దిగేటప్పుడు మిగిలే ఇంధనంతో ఇంకోసారి.