ఇంటి కంప్యూటరు నుండి పరిసర ధ్వని

1975లో విడుదలైన ‘షోలే’ చిత్రంలో గాలిలోకి ఎగరవేసిన నాణెం తమ కుర్చీ కిందనే పడిందని భ్రమించి ప్రేక్షకులు వంగి వెతికేవారని మన పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. 70 ఎం.ఎం. ఫిల్ము మీద సన్నని అయస్కాంత పూతల్లో ఆరు ట్రాకుల ధ్వనిని నిక్షిప్తం చేసేవారు. తెలుగులో ఆ వైభవాన్ని 1986లో ‘సింహాసనం’ చూపించింది. ఆనాడు పెద్ద పట్టణాల్లోని కొద్దిపాటి హాళ్లకే పరిమితమైన ఆ అనుభవం నేడు మన క్వార్టరులోని ముందు గదికి రాగలదు. అందుకు కావలసిన వస్తువుల్లో సగం ఇప్పటికే చాలామంది ఇళ్లలో ఉన్నాయి. లోపించినదల్లా వాటిని సక్రమంగా కలపడమే.

బజారులో అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు కొని తెచ్చి కంప్యూటరుకు తగిలించి, అన్నింటిలోనూ శబ్దం వస్తున్నది కదా అని తృప్తిపడేవారిని తరచు చూస్తూ ఉంటాము. అన్ని స్పీకర్లూ మోగడం వేరు, పరిసర ధ్వని వేరు. ఒకే పాట అయిదు మూలల నుండి వినిపిస్తే అది ఊరేగింపులో మైకు సెట్టు అవుతుందే గాని సినిమా హాలు కాదు. నిజమైన 5.1 ధ్వనిలో ఒక్కొక్క స్పీకరుకు వేరు వేరు రికార్డింగు ఉంటుంది. ఎదుట ఎడమ, మధ్య, కుడి. ప్రక్కలకు కొద్దిగా వెనుకగా మరి రెండు. చివరనున్న ‘పాయింట్ ఒకటి’ అంటే పేలుళ్లు, భూకంపాల వంటి ధ్వనులకు ప్రత్యేకించిన మార్గం. అది సుమారు 120 హెర్ట్జ్ వరకే మోస్తుంది. పూర్తి ఛానెలు కాదు గనుకనే దానికి ఆ దశాంశ గౌరవం దక్కింది.

వీటిలో ఇంటిల్లిపాదికీ అత్యంత ముఖ్యమైనది మధ్య స్పీకరు. చిత్రంలోని సంభాషణలు దాదాపు అన్నీ అందులోనే ఉంటాయి. “పాటలు చెవులు చిల్లులు పొడుస్తాయి, మాటలు మాత్రం వినబడవు” అని ఇళ్లలో పెద్దలు విసుక్కోవడం మనందరికీ పరిచయమే. దోషం పూర్తిగా వారి చెవులది కాదు. ఆరు మార్గాల ధ్వనిని టీవీలోని రెండు చిన్న స్పీకర్లలోకి కుదించినప్పుడు మాటలు, నేపథ్య సంగీతం, కత్తుల ఖణఖణలు ఒకే చోట కలగాపులగమవుతాయి.

మన సంస్థలో మిల్లుల వద్ద, టర్బైన్ హాళ్లలో, కంప్రెసర్ల పక్కన దశాబ్దాలు పనిచేసి పదవీ విరమణ పొందినవారి విషయం మరింత సున్నితమైనది. యంత్రాల రొద వలన కలిగే వినికిడి లోపం మొదట 4,000 హెర్ట్జ్ పరిసరాలలోనే కనిపిస్తుంది. స, శ, త, క వంటి హల్లుల స్పష్టత ఉండేది ఆ ఎగువ పౌనఃపున్యాల్లోనే. అటువంటివారికి శబ్దం వినిపిస్తుంది, మాట అర్థం కాదు. ఇంట్లోవారు టీవీ శబ్దం పెంచుతారు. దానితో పాటు పోరాటాల హోరూ పెరుగుతుంది. చివరకు ఆ పెద్దాయన లేచి వరండాలోకి వెళ్లి కూర్చుంటాడు. మధ్య స్పీకరు విడిగా ఉంటే దానిని ఒక్కదానినే రెండు మూడు డెసిబెళ్లు పెంచవచ్చు. మిగతావి యథాతథంగా ఉంటాయి. ఈ వ్యాసంలో ఇంకేమీ నచ్చకపోయినా, ఇంట్లో అటువంటి పెద్దవారున్న పాఠకులు ఈ ఒక్క ప్రయత్నం చేయవలసిందిగా మనవి.

మూడు దారులు

ఇక కంప్యూటరు సంగతి. దాని నుండి ధ్వని బయటికి రావడానికి మూడు దారులున్నాయి.

మొదటిది వెనుకనున్న రంగురంగుల రంధ్రాలు. ఆకుపచ్చనిది ముందు స్పీకర్లకు, నల్లనిది వెనుకవాటికి, నారింజ రంగుది మధ్య స్పీకరుకు, సబ్‌వూఫరుకు. చవకగా లభించే కంప్యూటరు స్పీకర్ల సెట్లకు ఇదే దారి. పని జరుగుతుంది. అయితే డిజిటల్ ధ్వనిని అనలాగ్‌గా మార్చే పని కంప్యూటరు పెట్టెలోనే, విద్యుత్ రొదల నడుమ జరుగుతుంది గనుక కొన్ని యంత్రాలలో సన్నని గుసగుస వినిపిస్తుంది.

రెండవది ఆప్టికల్ తీగ, అంటే ఎస్‌పీడీఐఎఫ్. ఇక్కడే అనేకులు తికమకపడుతున్నారు. ఈ మార్గం మొదట రెండు ఛానెళ్ల కోసం ఏర్పడినది. సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, రెండు ఛానెళ్లు అని లెక్క వేస్తే సెకనుకు 15 లక్షల 36 వేల బిట్లు అవుతాయి. ఆరు ఛానెళ్లు విడివిడిగా పంపాలంటే దానికి మూడు రెట్లు కావాలి. ఆ దారి అంత వెడల్పు లేదు. అందుచేత డీవీడీలోని డాల్బీ డిజిటల్ ధ్వనిని కుదించిన రూపంలోనే, అంటే సెకనుకు గరిష్ఠంగా 4 లక్షల 48 వేల బిట్లుగా, విప్పకుండా పంపుతారు. విప్పే పని యాంప్లిఫయరు చేసుకుంటుంది. డీటీఎస్ కూడా ఇదే విధంగా వెళుతుంది. అంతకు మించిన బ్లూ-రే ధ్వనులకు, అంటే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో వంటివాటికి, ఈ దారిలో ప్రవేశం లేదు.

పిల్లల ఆటలకూ ఇదే చిక్కు. ఆటలోని ధ్వని ముందుగా మూట కట్టి ఉండదు, అప్పటికప్పుడు తయారవుతుంది. కాబట్టి దానిని వెంటనే డాల్బీ రూపంలో మూటకట్టే ఏర్పాటు ఆ కంప్యూటరులో లేకపోతే ఆప్టికల్ తీగలో రెండు ఛానెళ్లే వెళతాయి. సినిమా బాగా వినిపించి ఆట వినిపించకపోవడానికి కారణం ఇదే. యాంప్లిఫయరు చెడిపోలేదు.

మూడవది హెచ్‌డీఎంఐ. ఈ రోజున కొత్తగా ఏర్పాటు చేసుకునేవారు వేరే ఆలోచన చేయనక్కరలేదు. కుదించని ధ్వనిని ఎనిమిది ఛానెళ్ల వరకు ఇది మోయగలదు. 2006లో వచ్చిన 1.3 ప్రమాణంతో పైన చెప్పిన బ్లూ-రే ధ్వనులను విప్పకుండా పంపే వీలూ కలిగింది. కంప్యూటరు వీడియో కార్డులలో ఆ సామర్థ్యం 2009 నుండి కనిపించింది. తీగను కంప్యూటరు నుండి నేరుగా టీవీకి కాక, ముందు రిసీవరుకు, అక్కడి నుండి టీవీకి కలపడం మేలు. టీవీ ద్వారా తిప్పి తెస్తే కొన్ని టీవీలు ఆరు ఛానెళ్లను రెండుగా చేసి పంపుతాయి.

తీగల విషయంలో ఒక మాట. బంగారు పూత, వేల రూపాయల ధర అని దుకాణదారు వర్ణించే హెచ్‌డీఎంఐ తీగ వలన ధ్వని మాధుర్యం పెరగదు. డిజిటల్ సంకేతం చేరితే పూర్తిగా చేరుతుంది. చేరకపోతే బొమ్మ మెరుస్తుంది, ధ్వని తెగుతుంది. ఆ డబ్బు మంచి మధ్య స్పీకరు మీద ఖర్చు చేయడం వివేకం.

సెట్టింగులలో దాగిన దొంగ

తీగలు సరిగ్గా కలిపిన తర్వాత కూడా రిసీవరు ముఖం మీద ‘పీసీఎం’ లేక ‘స్టీరియో’ అని కనిపిస్తే సంతోషించడానికి కారణం లేదు. ‘డాల్బీ డిజిటల్’, ‘డీటీఎస్’ అనో, పూర్తి ఛానెళ్లతో కూడిన ‘మల్టీ ఛానెల్’ అనో కనిపించాలి. విండోస్‌లో స్పీకర్ల అమరిక ‘స్టీరియో’గా ఉండిపోవడం అన్నింటికంటే సాధారణమైన లోపం. దానిని 5.1కి మార్చాలి. అక్కడి పరీక్ష మీటను నొక్కితే ఒక్కొక్క స్పీకరూ వరుసగా పలుకుతుంది. ఎడమది పలకవలసినప్పుడు కుడిది పలికితే తీగలు తారుమారైనట్లే.

ఇంకొకటి, విండోస్‌లోని మిశ్రమ యంత్రాంగం. అన్ని ప్రోగ్రాముల ధ్వనులనూ అది ఒకచోట కలిపి, ఒకే నమూనా వేగానికి మార్చి పంపుతుంది. సీడీలోని 44,100 నమూనాలు 48,000గా మారేది అక్కడే. ఈమెయిలు వచ్చిన గంట సినిమా మధ్యలో మోగేదీ అందువల్లనే. 2007లో వచ్చిన విస్టా నాటి నుండి ‘ఎక్స్‌క్లూజివ్’ అనే పద్ధతి ఉన్నది. కోడి, ఎంపీసీ-హెచ్‌సీ వంటి సినిమా ప్లేయర్లలో దీనిని గాని, ‘పాస్‌త్రూ’ లేక ‘బిట్‌స్ట్రీమ్’ను గాని ఎంచుకుంటే ధ్వని ఆ మిశ్రమంలో కలవకుండా తిన్నగా బయటికి వెళుతుంది. బిట్‌స్ట్రీమ్‌లో ఉన్నప్పుడు కంప్యూటరులోని వాల్యూము మీట పనిచేయదు. ఇది లోపం కాదు. శబ్దాన్ని రిసీవరు వద్దనే తగ్గించుకోవాలి.

ఇంటర్నెట్‌లో చిత్రాలు చూసేవారు గమనించవలసినది మరొకటున్నది. అదే చిత్రం బ్రౌజరులో చూస్తే చాలాసార్లు రెండు ఛానెళ్లే వస్తాయి. ఆయా సంస్థల ప్రత్యేక ప్రోగ్రాములోనో, టీవీలోనో 5.1 రావచ్చు.

స్పీకర్లలో ‘బుయ్’ మనే ఎడతెగని మోత వినిపిస్తే అది మన విద్యుత్ సరఫరాలోని 50 హెర్ట్జ్ రాగమే. కంప్యూటరు ఒక బోర్డులో, యాంప్లిఫయరు మరొక బోర్డులో, ఆపైన కేబుల్ టీవీ తీగ ఎక్కడి నుండో తెచ్చిన ఎర్త్ మరొకటి. ఇవన్నీ కలిసి వలయమై మోతను పుట్టిస్తాయి. అన్నింటినీ ఒకే బోర్డు నుండి తీసుకుని చూడండి. ఆప్టికల్ తీగలో వెళ్లేది కాంతి గనుక ఆ వలయం అక్కడ తెగిపోతుంది. అంతేగాని ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసివేయడం ఎంతమాత్రం తగదు. మోత పోతుంది, దానితో పాటు ప్రాణరక్షణా పోతుంది.

గది, పొరుగిల్లు

గదిని మించిన యంత్రం లేదు. మన ముందు గదుల్లో నున్నని టైల్సు, ఖాళీ గోడలు. చప్పట్లు కొడితే గణగణమని తిరిగి వస్తుంది. నేల మీద ఒక జంబుఖానా, కిటికీలకు మందపాటి తెరలు, వెనుక గోడకు పుస్తకాల బీరువా ఉంటే ఖరీదైన పరికరం చేయలేని మేలు జరుగుతుంది. ముందు స్పీకర్లు కూర్చున్నవారి చెవుల ఎత్తులో, మధ్య రేఖకు చెరొక 30 డిగ్రీల వాలులో ఉండాలి. ప్రక్క స్పీకర్లు 100 నుండి 120 డిగ్రీల మధ్య, అంటే భుజాలకు కాస్త వెనుకగా. వీటిని టీవీకి చెరొక ప్రక్కనే పేర్చినవారికి పరిసరం ఎక్కడిది? ధ్వని మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఒక్కొక్క స్పీకరు ఎంత దూరమో టేపుతో కొలిచి రిసీవరుకు చెబితే, దగ్గరి స్పీకరును అది కొంచెం ఆపి అన్నింటినీ ఒకేసారి చెవికి చేరుస్తుంది.

సబ్‌వూఫరు ఒక్కటీ కోణాలకు లొంగదు. 12 అడుగుల పొడవున్న గదిలో సుమారు 47 హెర్ట్జ్ వద్ద ధ్వని నిలిచిపోయి కొన్నిచోట్ల గుమ్మని మోగుతుంది, మరికొన్నిచోట్ల మాయమవుతుంది. చోటు కనుగొనడానికి ఒక వింత ఉపాయం ఉన్నది. సబ్‌వూఫరును మనం కూర్చునే కుర్చీలో పెట్టి, మంద్రస్వరం ఎక్కువగా ఉన్న పాట ఒకటి నడిపి, గోడల వెంబడి నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ సమంగా, స్పష్టంగా వినిపిస్తుందో అక్కడ దానిని ఉంచాలి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఉత్సాహంగా చేస్తారు.

మంద్రధ్వనులు గోడలను లెక్కచేయవు. మన కాలనీలో ఒకే గోడకు రెండు సంసారాలు, పైన మూడవది. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవారికి పట్టపగలే అర్ధరాత్రి. సబ్‌వూఫరు కాళ్ల కింద మందపాటి రబ్బరు దిండ్లు వేయడం కొంత సాయం చేస్తుంది. డాల్బీ డిజిటల్ ధ్వనిలోనే హెచ్చుతగ్గులను కుదించే సమాచారం కూడా ఉంటుంది. రిసీవరులో ‘నైట్’ అనే మీట నొక్కితే పేలుళ్లు తగ్గి మెల్లని మాటలు పైకి వస్తాయి. వినికిడి మందగించిన పెద్దలకు పగటిపూట కూడా ఇదే సదుపాయం. అదీ చాలనప్పుడు, ఆ గంటల్లో సబ్‌వూఫరు స్విచ్చిని కట్టివేయండి. ‘పాయింట్ ఒకటి’లో సంభాషణ ఏదీ ఉండదు గనుక కథ అర్థం కావడంలో ఏమీ లోటు రాదు.