ప్లాస్టిక్ సర్జరీకి ముందు పొగాకు విరమణ: చర్మానికి తొడిమ, రోగికి మాట

తెగిన ముక్కును సరిచేసే విధానం సుశ్రుతసంహితలో ఉంది. ముక్కుకు సరిపడే ఆకును కొలతగా తీసుకొని, అంత మేర చెంప చర్మాన్ని కోసి, ఒక అంచు చెంపకు అంటి ఉండగానే దాన్ని ముక్కుపైకి మళ్ళించాలి. ఆ అంచును తొడిమ అనవచ్చు. నేటి ప్లాస్టిక్ సర్జరీలోనూ అనేక చికిత్సలకు ఇదే ఆధారం. లేపిన చర్మం కొత్త చోట అతుక్కొనే వరకు తొడిమలోని సన్నని రక్తనాళాలే దానికి ప్రాణం. ఆ నాళాలకూ పొగాకుకూ ఉన్న సంబంధాన్ని, దాన్ని రోగికి తెలుగులో చెప్పవలసిన తీరును పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. అందుచేత చర్మానికి చేరే రక్తమే తక్కువ, అందులో ప్రాణవాయువు మరీ తక్కువ. తొడిమకు దూరంగా ఉన్న కొస ముందుగా నల్లబడుతుంది. ముఖచర్మాన్ని బిగించే శస్త్రచికిత్సపై రీస్ బృందం 1984లో ప్రకటించిన పరిశీలనలో, పొగతాగేవారికి చర్మం చచ్చి ఊడే అవకాశం సుమారు 12 రెట్లు అధికమని తేలింది. “కోసేది ముఖాన్ని గదా, ఊపిరితిత్తులను కాదే” అనే రోగి సందేహానికి సమాధానం ఇదే.

కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో రక్తం నుండి తొలగిపోతుంది. గాయం మానే శక్తి మాత్రం అంత త్వరగా తిరిగిరాదు. కాబట్టే వైద్యులు సాధారణంగా కనీసం 4 వారాల ముందు నుండి, చికిత్స తరువాత మరికొన్ని వారాల వరకు మానమంటారు.

భాషకు పని పడేది ఇక్కడే. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటు, అంటే నిప్పు కొసను నోటిలో ఉంచుకొని చుట్ట కాల్చడం, స్త్రీలలో ఎక్కువ. అంగిలి క్యాన్సర్‌తో దీనికి ఉన్న సంబంధం వైద్యులకు చిరపరిచితం. క్యాన్సర్ భాగాన్ని తీసివేశాక ఆ లోటును పూడ్చడానికి చాలాసార్లు మళ్ళీ తొడిమగల కణజాలమే కావాలి. అట్టి స్త్రీని “సిగరెట్ తాగుతారా?” అని అడిగితే, లేదనడం అబద్ధం కాదు. ఖైనీ, గుట్కా నమిలేవారు ‘ధూమపానం’ తమకు వర్తించదనుకుంటారు. నికోటిన్ వారి రక్తంలోనూ ఉంది. ‘ధూమపానం’ పుస్తకాల మాట. చుట్ట, బీడీ, అడ్డపొగ, ఖైనీ, నశ్యం అని ఒక్కొక్కదాన్ని పేరుపెట్టి అడగడమే సరైనదని నా అభిప్రాయం.

‘ముందు’ అన్న మాటా చిక్కైనదే. “ఆపరేషన్‌కు ముందు ఏమీ తినవద్దు” అన్నప్పుడు ముందటి రాత్రి అని అర్థం చేసుకున్న రోగి, “ముందు పొగ మానండి” అన్నప్పుడూ ఆ రాత్రినే తలచుకుంటాడు. శస్త్రచికిత్స రోజు నుండి 4 వారాలు వెనక్కి లెక్కవేసి, వచ్చిన తేదీనే సలహాపత్రంలో వ్రాయాలి.