పట్టభద్రుని శాస్త్రజ్ఞానము: ఒక శాసనోదాహరణము

విశ్వవిద్యాలయము పట్టభద్రునికి సమకూర్పవలసిన గుణములలో తన శాస్త్రమునందలి జ్ఞానము మొదటిదని అందఱు నంగీకరింతురు. ఆ జ్ఞానమనగా విషయసంగ్రహమా, విషయము నిర్ణయింపబడిన మార్గము నెఱుగుటయా యనుచోట అభిప్రాయభేదము కలదు. రెండవది లేక మొదటిది శాస్త్రము కాజాలదని మేము తలంచుచున్నాము.

తెలుగు ఎం.ఏ. విద్యార్థిని తొలి తెలుగు శాసనమేదని యడిగినచో, కడపజిల్లాలోని కలమళ్ళ శాసనమనియు, అది క్రీ.శ. 575 నాటిదనియు తడువుకొనక చెప్పును. ఆ సంవత్సరము శాసనమున నెక్కడ నున్నదని యడిగినచో సాధారణముగా మౌనమే యుత్తరము. నిజమునకు శాసనమున సంవత్సరము లేదు. రేనాటి నేలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేరున్నది, శిథిలమైన పంక్తులున్నవి. పండితులు అందలి అక్షరరూపములను కాలము తెలిసిన యితర శాసనముల లిపితో పోల్చి, రేనాటి చోళుల వంశక్రమమును కూర్చి, దానినచ్చట నిలిపిరి. కావున 575 అనునది 'సుమారు' అను మాటతో కూడియే సత్యము. పాఠ్యపుస్తకములలో నా మాట యెట్లో జాఱిపోయినది! లిపి యొక్కనాట మాఱునది కాదు గనుక, కొన్ని దశాబ్దము లటునిటు జరుపుటకు తావున్నది.

లిపి తరువాత వర్ణము. ప్రాచీన శాసనములందు 'ఴ' యను వర్ణము కలదు. పిమ్మట నది అచ్చుల నడుమ డకారముగను, హల్లుతో కూడినచోట రేఫముగను మాఱెను. తమిళుల 'కోఴి' మనకు 'కోడి'. వారి 'ఏఴు' మనకు 'ఏడు'. ప్రాచీనమైన 'క్ఴింద' తరువాతి 'క్రింద'. ఈ క్రమము నెఱిగినవాడు, ఆఱవ శతాబ్దిదని చెప్పబడిన శాసనమున ఴకార ముండవలసినచోట డకారము కనబడినచో, దాని పాఠమునైనను కాలమునైనను శంకించును. కంఠస్థము చేసినవానికి శంకయే కలుగదు.

2008లో తెలుగునకు ప్రాచీనభాషగా గుర్తింపు లభించిన నాటినుండి మన భాష వయస్సునుగూర్చిన ప్రకటనలు పెరిగినవి. వానిని పరిశీలింపవలసినవాడు ఈ పట్టభద్రుడే. అతడు గురువై చెప్పినదానిని వేయిమంది వ్రాసికొందురు. ప్రశ్నపత్రములు సంవత్సరము నడుగుటతో సరిపుచ్చుకొన్నంతకాలము, అతనికి వేఱొక యలవాటు ఎట్లు కలుగును?

ప్రతి విద్యార్థికిని శాసనపు సిరానకలు నొకదానిని చేతికిచ్చి, చదివించి, తాను నిర్ణయించిన కాలమునకు కారణములు వ్రాయింపవలెనని మా సూచన. శిథిలాక్షరమున్నచోట ఊహించి పూరింపక 'ఇచట చదువ వీలుకాలేదు' అని వ్రాసినవానికిని మార్కు లీయవలెను.