మనుష్యులు వ్రాసినది దేవుని వాక్యము ఎలా అయింది?



మణుగూరు, పినపాక, అశ్వాపురం ప్రాంతములలో కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు ఒక ప్రశ్న తరచుగా మా చెవిన పడుతున్నది. అడిగేవారు బయటివారు కారు, మన బిడ్డలే. కాలేజీలో చదువుకొనేవారు, ఐ.టి.ఐ. ముగించి సింగరేణిలో పని కోసం ఎదురుచూచేవారు. "బైబిలును వ్రాసింది మనుష్యులే కదా, మరి దేవుని వాక్యమని ఎందుకంటారు?" అని అడుగుతారు. అనేక ఇండ్లలో పెద్దలు "అలా అడగకూడదు, తప్పు" అని నోరు మూయిస్తారు. నోరు మూసుకున్న బిడ్డ ఆ ప్రశ్నను మానుకోడు. కొన్నాళ్లకు మందిరానికి రావడం మానుకొంటాడు. కనుక ఈ ప్రశ్నకు తల్లిదండ్రులే జవాబు చెప్పగలగాలి.

ఊపిరి దేవునిది, నోరు మనిషిది

మొదట మనమే ఒప్పుకొందాం: అవును, మనుష్యులే వ్రాశారు. బైబిలు ఈ సంగతిని దాచలేదు. ఆమోసు తెకోవలో గొఱ్ఱెలు కాచుకొన్నవాడు. లూకా తాను అన్నిటినీ మొదటినుండి జాగ్రత్తగా విచారించి, వరుసగా వ్రాస్తున్నానని తన సువార్త ఆరంభంలోనే తెలియజేశాడు. పౌలు చెరసాలలోనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికను చూడండి. లేఖనమంతా దేవుని ఊపిరివలన కలిగినదని 3వ అధ్యాయము 16వ వచనములో బోధించినవాడే, 4వ అధ్యాయము 13వ వచనములో త్రోయలో విడిచివచ్చిన తన అంగీని, పుస్తకాలను తెచ్చిపెట్టమని కోరాడు. ఒకే పత్రికలో దేవుని ఊపిరీ ఉంది, చలికి కప్పుకొనే అంగీ కూడా ఉంది!

దీనినే మన పెద్దలు దైవావేశము అన్నారు. పూనకం వచ్చినట్టు మనిషి ఒళ్లు మరచి వ్రాశాడని దీని అర్థం కాదు. మన అడవి వెదురుతో చేసిన పిల్లనగ్రోవిని తలంచుకోండి. ఊపిరి ఊదేవానిది, అయినా ఆ స్వరములో వెదురు గుణం కూడా వినబడుతుంది. అయితే ఈ పోలిక కొంతవరకే సరిపోతుంది. వెదురుకు మనసు లేదు. ప్రవక్తలకు, అపొస్తలులకు మనసు ఉంది, చదువు ఉంది, కన్నీళ్లు ఉన్నవి. వాటినన్నిటినీ పరిశుద్ధాత్మ వాడుకొన్నాడు. అలా నడిపింపబడినవారే పలికారని పేతురు తన రెండవ పత్రికలో (1:21) బోధిస్తున్నాడు.

ఒక్క సాక్షి కాదు

"తన గురించి తానే చెప్పుకొంటే అది సాక్ష్యమవుతుందా?" అని బిడ్డలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బొగ్గు గని తెరవకముందు సింగరేణివారు ఒక్కచోట బోరు వేసి నిర్ణయించరు. అనేక చోట్ల వేసి, భూమిలో పొర ఎలా సాగుతున్నదో చూస్తారు. మనమూ అలాగే చూద్దాం.

1. ఐక్యత: 66 పుస్తకాలు. దాదాపు 1500 సంవత్సరాల కాలములో సుమారు 40 మంది వ్రాశారని మన సంఘములు తరతరాలుగా బోధిస్తున్నవి. హెబ్రీ, అరామిక్, గ్రీకు అనే మూడు భాషలలో, రాజులు, కాపరులు, జాలరులు వ్రాసినవి అవి. అయినను సృష్టికర్త, పడిపోయిన మనిషి, రక్షించుటకు దేవుడే దిగివచ్చుట అనే ఒక్క కథ మొదటినుండి చివరివరకు సాగుతుంది.

2. దాచని సత్యము: రాజుల కథలు వ్రాసేవారు సాధారణంగా రాజును పొగడుతారు. బైబిలు దావీదు చేసిన వ్యభిచారాన్ని, హత్యను, ప్రవక్త అతణ్ణి నిలదీసిన సంగతిని దాచలేదు. సంఘానికి స్తంభమైన పేతురు భయపడి ప్రభువును ఎరుగనని బొంకిన సంగతి నాలుగు సువార్తలలోనూ ఉంది. తమ ఘనత కోసం వ్రాసుకొనేవారు ఇలా వ్రాయరు.

3. ముందుగా చెప్పబడినది: యెషయా 53వ అధ్యాయము, మన దోషములకై శ్రమపడిన సేవకుని గూర్చినది. "క్రైస్తవులే తరువాత వ్రాసి చేర్చుకొన్నారేమో" అనేవారికి ఒక జవాబు దొరికింది. 1947 ప్రాంతములో మృతసముద్రము దగ్గర కుమ్రాను గుహలో గొఱ్ఱెల కాపరులకు పాత చర్మపు చుట్టలు కనబడ్డాయి. వాటిలో యెషయా గ్రంథమంతా ఉన్న 7 మీటర్లకు పైగా పొడవైన చుట్ట ఒకటి. అది క్రీస్తు పుట్టుకకు 100 సంవత్సరాలకు పైగా ముందుదని పండితుల నిర్ణయం. ఆ అధ్యాయము అందులో ఉంది. యూదు బోధకులు అనేకులు ఆ సేవకుణ్ణి వేరుగా అర్థం చేసుకొంటారన్న మాట నిజమే. కాని ఆ మాటలు క్రీస్తుకంటె ముందే వ్రాయబడినవన్న సంగతిలో సందేహం లేదు.

4. ప్రభువు సాక్ష్యము: ఇది అన్నిటికంటె పెద్దది. యేసు ప్రభువు శోధనలో సాతానుకు లేఖనముతోనే జవాబిచ్చాడు. తిరిగి లేచిన తరువాత మోషే ధర్మశాస్త్రము, ప్రవక్తలు, కీర్తనలు తనను గూర్చినవని శిష్యులకు విప్పి చూపాడు (లూకా 24:44). ఆయనను ప్రభువని నమ్మినవారు ఆయన గౌరవించిన లేఖనమును తేలికగా చూడలేరు.

మన గోదావరి ఒడ్డున

దేవుడు మనిషి భాషలో మాట్లాడతాడనుటకు దూరదేశపు సాక్ష్యమే అక్కరలేదు. గోదావరి అవతలి ఒడ్డున దుమ్ముగూడెం ఉంది. 19వ శతాబ్దములో అక్కడ ఆనకట్ట పనులు చూచిన ఇంజనీరు హెయిగ్ దొర, కోయలకు సువార్త అందాలని భారపడ్డాడు. ఆ పనులలోనే ఉద్యోగిగా ఉన్న వెంకటరామరాజు గారు విశ్వాసియై, కోయల మధ్య తొలి సేవకులలో ఒకరయ్యారు. తరువాత చర్చి మిషనరీ సొసైటీవారి జాన్ కేన్ దొర దుమ్ముగూడెంలో అనేక సంవత్సరాలు పనిచేశారు. 1880 దశకములో లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది.

అంతకు ముందు తెలుగుకూ ఇదే జరిగింది. షుల్జ్ దొర 1732 నాటికే బైబిలును తెలుగు చేశాడు గాని అది అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో దే గ్రాంజెస్ దొర, ఆనందరాయరు గారి సహాయముతో తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వచ్చింది.

మన ప్రశ్నకు ఇందులో ఏ జవాబున్నది? దేవుని ఊపిరి ఒక్క భాషకే కట్టుబడినదైతే మనమందరం హెబ్రీ, గ్రీకు నేర్చుకొనేవరకు దానికి దూరమే. కాని మొదటనే జాలరుల మాటలో, కాపరుల మాటలో పలికిన దేవుడు, కోయగూడెములోని తల్లి మాటలో పలుకుటకు సిగ్గుపడడు. మనుష్యులు వ్రాయుట బైబిలుకు లోపము కాదు. దేవుడు మన దగ్గరకు వచ్చిన దారే అది.

తెలియవలసిన మరొక మాట

ప్రతులు వ్రాసేవారి చేతిలో అక్కడక్కడ అక్షరభేదములు, పదభేదములు వచ్చినవి. క్రొత్త నిబంధనకు 5000కు పైగా గ్రీకు వ్రాతప్రతులు ఉన్నందున పండితులు ఒకదానితో ఒకటి పోల్చి సరిచూడగలుగుతున్నారు. తర్జుమాలనూ మరల మరల సరిదిద్దుతారు. ఈ సంగతి బిడ్డలకు మనమే చెప్పాలి. బయట మరెవరో ఎగతాళిగా చెప్పినప్పుడు మొదటిసారి వింటే వారు బెదరిపోతారు. ఇతరుల గ్రంథములను కించపరచి మన గ్రంథమును నిలబెట్టుకోవలసిన అవసరమూ మనకు లేదు.

చివరి సాక్షి

ఇన్ని ఋజువులు చూపినా హృదయము కదలకపోవచ్చు. 16వ శతాబ్దములో జాన్ కాల్విన్ బోధించినది ఇదే: లేఖనమును పలికించిన ఆత్మయే చదువరి హృదయములో సాక్ష్యమిస్తేనే నమ్మకము స్థిరపడుతుంది. ఋజువులు మనలను వాకిటివరకు తీసుకొనివస్తాయి. తలుపు తీసేవాడు ఆయనే.

అయితే తెరవని పుస్తకములోనుండి ఆయన స్వరము ఎలా వింటాం? కొందరు బైబిలును పసిబిడ్డ తలక్రింద తాయెత్తులా ఉంచుతారు. కొందరు కళ్లు మూసుకొని వ్రేలు పెట్టి, తగిలిన వచనముతో శకునము చూచుకొంటారు. గౌరవమంటే అది కాదు. చదివి, విని, లోబడుటయే గౌరవము.

కనుక తల్లిదండ్రులకు ఒక మాట. లూకా సువార్తలో 24 అధ్యాయములు ఉన్నవి. రాత్రి భోజనమైన తరువాత దినమునకు ఒక అధ్యాయము చొప్పున 24 దినములు చదవండి. ప్రశ్న అడిగిన బిడ్డ చేతనే చదివించండి. చదువురాని అమ్మమ్మ వినాలి. కోయ మాట్లాడే ఇంట్లో చదివినది కోయలో మరల చెప్పుకోవాలి. ప్రశ్నలు వస్తే కసరవద్దు. తెలిసినంత చెప్పండి, మిగిలినది కాపరిని అడగండి. బెరయలోని యూదులు పౌలు బోధనే లేఖనములతో సరిచూచుకొంటే, వారు ఘనులని అపొస్తలుల కార్యముల గ్రంథము మెచ్చుకొన్నది (17:11). మీ బిడ్డ ప్రశ్న కూడా ఆ ఘనతకు మొదటి మెట్టు కావచ్చు.

లేఖనములను పలికించిన ఆత్మ మన ఇండ్లలో వాటిని తెరచును గాక. ఆమేన్.