ఇంటి కంప్యూటరున టీవీ ప్రసారములను నిలుపుకొనుట



నేను ఉయ్యూరున ముప్పది మూడేండ్లు తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. యంత్రశాస్త్రమును గురుముఖముగా నేర్చినవాడను గాను. అట్టివాడు కంప్యూటరును గూర్చి ఉపన్యసింప నేల యని మీరడుగవచ్చును. దానికి కారణము బూజు పట్టిన యొక క్యాసెట్టు.

1996లో మా గురువుగారు పృచ్ఛకులుగా కూర్చున్న అష్టావధాన మొకటి టీవీలో ప్రసారమైనది. వారిచ్చినది దత్తపది. పొరుగింటివారి వీసీఆరును అడిగి తెచ్చి నేను దానిని టేపుపై పట్టితిని. వారు గతించిన పిమ్మట వారి కంఠస్వరము, నాకు తెలిసినంతలో, ఆ టేపుమీద మాత్రమే మిగిలినది. మా డెల్టా నేలయందలి చెమ్మ మీకు తెలియనిది కాదు. పదునాలుగేండ్లు పెట్టెలో నున్న క్యాసెట్టును తీసి చూచితిని గదా, టేపు అంచుల పొడవునను తెల్లని బూజు! ఆడింపబోగా బొమ్మ వణకినది, తెరయంతయు మంచు కురిసినట్లైనది, టేపు తెగినది. దత్తపదికిచ్చిన నాలుగు పదములలో రెండు మాత్రమే నాకు జ్ఞాపకమున్నవి. పద్యము లేదు.

ఇట్టి నష్టము నాకొక్కనికే కలిగినది కాదు. అమెరికాలో ఎంపెక్స్ వారు వీడియో టేపు యంత్రమును 1956లో వెలువరించిరి. ఆ కాలమున టేపు మిక్కిలి వెలగల వస్తువు గావున, ప్రసారసంస్థలే పాత కార్యక్రమమును తుడిచి దానిమీద క్రొత్తదానిని ఎక్కించుచుండెడివి. ఇంగ్లండున బీబీసీ వారి ‘డాక్టర్ హూ’ అను ధారావాహికయందలి అనేక భాగములు ఇట్లే పోయినవి. అయినను ఆ పోయిన భాగముల శబ్దమును నేటికిని వినవచ్చును. ఏలయన, కొందరు ప్రేక్షకులు తమ యిండ్లలో ఆ మాటలను టేపు రికార్డరులపై పట్టి దాచుకొనిరి. సంస్థ చెరిపినదానిని ఇండ్లు కాపాడినవి.

కంప్యూటరును సంగణకమని కొందరు పండితు లందురు. మా వీథిలో ఆ మాట యెవరికిని తెలియదు గావున నేను కంప్యూటరనియే అనెదను.

దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ 2004 డిసెంబరున మొదలైనది. ఇప్పుడా ప్రసారములు జీశాట్-15 అను ఉపగ్రహమునుండి వచ్చుచున్నవి. అది భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలిచియుండును. ఉయ్యూరునుండి చూచిన అది ఆగ్నేయ దిక్కున, దిక్చక్రమునకు 66 డిగ్రీల యెత్తున నుండును. ఆ దారికి మా పెరటి కొబ్బరిచెట్టు మట్టలు అడ్డమై రెండింటిని కొట్టింపవలసి వచ్చినది. డిష్ పట్టిన తరంగములను దాని ముందరి ఎల్‌ఎన్‌బీ కేబులులో నడువదగినట్లు మార్చి క్రిందికి పంపును. ఆ కేబులును టీవీ పెట్టెకు గాక, కంప్యూటరులో అమర్చిన ట్యూనరు కార్డుకు తగిలింపవలెను. అంతియే భేదము.

కేబులులో వచ్చునది బొమ్మ కాదు, అంకెల వరుస. దానిని నేను తాళపత్రములతో పోల్చి అర్థము చేసికొంటిని. అయిదారు గ్రంథముల ఆకులను కలగలిపి ఒక్కొక్కటిగా మనవైపు విసరుచున్నారనుకొనుడు. ప్రతి ఆకునందును సరిగా 188 బైట్లుండును. బైటనగా ఒక అక్షరమునకు పట్టు చోటని స్థూలముగా గ్రహింపుడు. మొదటి బైటు ఎల్లప్పుడును 71 అను సంఖ్యయే. అది ఆ ఆకునకు శ్రీకారము వంటిది. ఆ వెనువెంటనే ఆకు ఏ గ్రంథమునకు చెందినదో తెలుపు సంఖ్య యుండును. కంప్యూటరు ఆ సంఖ్యను చూచి, మనకు కావలసిన ఛానలు ఆకులను మాత్రమే ఏరి వరుసగా డిస్కుపై పేర్చును. ఒకే కట్టలో వచ్చు రెండు మూడు ఛానళ్లను ఒక్క కార్డే ఏకకాలమున రికార్డు చేయగలదు. పెనువాన కురిసినపుడు కొన్ని ఆకులు దారిలో పోవును. అపుడు తెరపై బొమ్మ చదరములుగా చీలును.

ఈ పద్ధతియందలి గొప్ప గుణమేమనగా, వచ్చినది వచ్చినట్లే నిలుచును. టేపునకు ప్రతి తీసిన కొలది బొమ్మ మసకబారెడిది. ఈ అంకెలకు నూరవ ప్రతియు మొదటిదానితో సమానమే. సెకనుకు 30 లక్షల బిట్ల చొప్పున వచ్చు ఛానలు గంటకు 1.35 జీబీల చోటు తినును. 1000 జీబీల డిస్కున ఏడువందల గంటలకు పైగా పట్టును. టీవీహెడెండ్ అను ఉచిత ప్రోగ్రాము ఈ పనియంతయు చేయును. వీఎల్‌సీ అను మరియొకటి చూపును. మొదటి భాగమును చూచుచుండగనే తరువాతి భాగము వెనుక రికార్డగుచునే యుండును. ఒక పాదమును చెప్పుచు మరియొకదానిని ధారణయం దుంచుకొను అవధాని పని వంటిదే యిది.

డబ్బు చెల్లించి చూచు డిష్ పెట్టెలలో కొన్నింటికిని రికార్డు చేయు సదుపాయము కలదు. కాని ఆ ప్రసారములు తాళము వేసి పంపబడునవి. పట్టినది సామాన్యముగా ఆ పెట్టెలోనే ఆడును. పెట్టె చెడినచో సొత్తు పోయినట్లే. దానిని నేను దాచుకొనుట యనను, తాకట్టు పెట్టుట యందును. ఉచిత డిష్ నందు తాళము లేకుండ వచ్చు ఛానళ్లే మన పనికి అనువైనవి. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట ఏర్పడిన సప్తగిరి ఛానలు నాకు ముఖ్యము.

ఇది చౌర్యము కాదా యని మా పూర్వవిద్యార్థి, నేడు న్యాయవాది, నన్నడిగెను. సమాధానమును గూడ ఆతడే చెప్పెను. 1957 నాటి కాపీరైటు చట్టము 39వ సెక్షను ప్రకారము, ప్రసారమును స్వంత ఉపయోగమునకు గాని, బోధనకును పరిశోధనకును గాని రికార్డు చేసికొనుట తప్పు కాదు. పంచిపెట్టుట, అమ్ముట వేరు విషయములు.

నా తొలి ప్రయత్నమును చెప్పక దాచుట న్యాయము కాదు. ఉగాదినాడు ఉదయము ఏడు గంటలకు కవిసమ్మేళనము. ముందురాత్రియే సమయము నిర్ణయించి, ఇన్వర్టరును సరిచూచుకొని, నిశ్చింతగా గుడికి పోయితిని. వచ్చి చూడగా గుత్తివంకాయ కూర వండు విధానము గంటసేపు రికార్డైయున్నది! మా మనుమడు చూచి, “తాతయ్యా, ఇది లండను టైములో ఉంది” అనెను. నా యంత్రమునకు మన దేశకాలమును చెప్పుట నేను మరచితిని. దాని యేడు మన పండ్రెండున్నర. ఆ యేటి కవిసమ్మేళనము నాకు దక్కలేదు.

మరుసటి యేటినుండి కాలమును మూడుమారులు చూచుకొనుచున్నాను. కార్యక్రమమునకు ముందు పది నిమిషములు, వెనుక ఇరువది నిమిషములు కలిపి పట్టుచున్నాను. ఇప్పటికి పదునొకండు అవధానములు కూడినవి. డిస్కులును చెడునవే గావున ప్రతిదానికి రెండవ ప్రతి తీసి, పెనమలూరున మా చెల్లెలింట, గాజు బీరువాలో, చెమ్మ పీల్చు పొట్లములతో నుంచితిని. ప్రతి సంక్రాంతికిని పోయి ఒకమారు ఆడించి చూచి వచ్చుచుందును.